సువార్తమ్మ నిలబెట్టిన చెప్పు

కలరాను మెడపట్టుకుని లైన్లో నిలబెట్టిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. ఆమె మా రేపల్లె సువార్తమ్మ. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం తెనాలి బస్టాండు దాకా వినపడుతుంది. కూర్చుంటే కొంగు ముడి విప్పి వక్కపలుకు తీస్తుంది, లేస్తే మళ్ళీ ముడేస్తుంది. నాట్లు వేసి కాయలు కాచిన ఆ పాదాలకు కంకర రోడ్డు కూడా తివాచీయే.

తొంభై మూడులో ఊరంతా వాంతులు, విరేచనాలు. ఆస్పత్రి వరండా దాటి ఎండలోకి లైను, అందులో సువార్తమ్మ. లైనంటే నిలబడాలి, ఆ రోగమేమో నిలబడనివ్వదు. చెంబు పట్టుకుని చాటుకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కాంపౌండరు, "వదిలి వెళ్తే చివరికే" అని వెనక్కి పంపాడు. ఆమె కళ్ళు లోతుకు పోయాయి. ఇంకోసారి వెనక్కి వెళ్తే డాక్టరు గదికి ప్రాణంతో చేరేట్టు లేదు. అప్పుడే కొత్త డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇలా కాదు. మిమ్మల్ని ఎలా చూడమంటారో మీరే చెప్పండి" అని రోగుల్నే అడిగింది. సువార్తమ్మ గుమ్మం పక్కనున్న చెప్పొకటి తీసి లైన్లో పెట్టింది. "కిరసనాయిలు కొట్టుకాడ మా బదులు డబ్బా నిలబడుద్ది గదండీ. ఇక్కడ చెప్పు నిలబడుద్ది. మేం నీడన పడుకుంటాం." ఆ రోజు నుంచి ఎండలో చెప్పులు నిలబడ్డాయి, మనుషులు వేపచెట్టు కింద ఉప్పూ పంచదార నీళ్ళు తాగి బతికారు. ఈ పద్ధతి బాపట్ల మీదుగా మద్రాసు చేరిందని నేను చెబుతుంటాను.

ఆమె చెప్పును గాజు పెట్టెలో పెట్టి ఊరేగించాలని మొన్న నలుగురిలో అన్నాను. సువార్తమ్మ వక్క నములుతూ అంది: "నాకు చెప్పులు లేవు గదయ్యా. అది కాంపౌండరు గారిది."