త్రూ ప్రాపర్ ఛానల్ పుల్లయ్య

పుల్లయ్య దేవుణ్ణి ఏదీ నేరుగా అడగడు. అరవై తొమ్మిదేళ్ల జీవితంలో ఒక్కసారి కూడా అడగలేదు. నాస్తికుడేమో అనుకునేరు, నుదుట విభూతి పెట్టుకోనిదే కాఫీ గ్లాసు ముట్టని మనిషి. దేవుడంటే కొండంత భక్తి, ఆ భక్తి వల్లనే అడగడు. ఏం కావాల్సినా ముందు చింతమాను తాతకు చెప్పుకుంటాడు. తాత బ్రహ్మంగారికి చెప్పాలి. బ్రహ్మంగారు వెంకటేశ్వరస్వామికి చెప్పాలి. ఈ పద్ధతికి పుల్లయ్య పెట్టిన పేరు ‘త్రూ ప్రాపర్ ఛానల్’.

చింతమాను తాత అంటే, వాళ్ల ప్రొద్దుటూరు పొలిమేరలో ఒక చింతచెట్టు కింద ఉండి, వచ్చినవాళ్లందరికీ సంగటి పెట్టి పంపిన అవధూత. పోయి యాభై ఏళ్లయింది. ఫొటోలో కూడా గోచీ పెట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని, ‘తిన్నావా?’ అని అడుగుతున్నట్టు చూస్తుంటాడు.

పుల్లయ్యకు ఈ పద్ధతి పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. ఒక కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, గదిలో వాన కురుస్తోందని ఉత్సాహం ఆపుకోలేక ఏకంగా చీఫ్ ఇంజనీరుకే ఉత్తరం రాశాడట. కప్పు బాగుపడలేదు గానీ, ‘పై అధికారులను దాటి ఎందుకు రాసితివో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను’ అని మెమో మాత్రం వచ్చింది. ఆ దెబ్బకు మిగతా ముప్పై నాలుగేళ్లూ ఆయన మంచినీళ్లు కూడా వరుసక్రమంలోనే అడిగాడు.

“చీఫ్ ఇంజనీరుకే అంత కోపమొచ్చె. అన్ని లోకాలకూ చీఫ్ ఆయనకు ఇంకెంత రావాల!” అంటాడు.

ఆయన భార్య గంగమ్మది పూర్తిగా రెండో దారి. ఆమెకూ స్వామికీ మధ్య ఈగను కూడా వాలనివ్వదు.

“దేవునికీ నాకూ నడుమ ఈ బ్రోకర్లేందయా? మనముండే ఈ మదీనాగూడలో ఏ గేటు చూసినా ‘టులెట్, బ్రోకర్లు రావద్దు’ అని బోర్డు ఉంటాది. కొండమీద సామి గేటుకు మాత్రం ఉండదా?”

“బ్రోకరైతే కమీషన్ తీసుకుంటాడు మే. తాత ఏం తీసుకునె? ఎదురు సంగటి పెట్టె!”

ఒక ఏడాది ఇద్దరూ తిరుమల పోయారు. పదమూడు గంటలు క్యూ. గంగమ్మ అంతసేపూ తన కోరికలు వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ వల్లె వేసింది. తీరా స్వామి ఎదుటికి వచ్చాక దొరికిన రెండు క్షణాల్లో ఏడు కోరికలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, పక్కకు చూసింది. పుల్లయ్య చేతులు కట్టుకుని, పెద్దాఫీసరు గదిలో నిలబడ్డ గుమాస్తాలాగా నేలచూపులు చూస్తున్నాడు. “జరగండమ్మా, జరగండి” అని తోసేస్తే బయటపడ్డారు.

“ఏం మొక్కుకుంటివి?”

“ఏమీ లేదు. బాగుండావా సామీ అంటి.”

“పదమూడు గంటలు నిలబడింది ఆ ముక్కకేనా?”

“విషయం తాత దగ్గర ఇచ్చే వచ్చిండా. అది మెల్లగా పైకి వస్తాంటాది. మళ్లీ ఈడ నోటితో చెప్తే డూప్లికేట్ అవుతాది.”

గంగమ్మ లడ్డూల సంచీ ఆయన చేతిలో పెట్టి, బస్టాండు వైపు విసవిసా నడిచింది.

కొడుకు మధుసూదన్‌కు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడు తండ్రి పక్షం. “నాన్న చెప్పేది తప్పేం కాదమ్మా. మా ఆఫీసులో కూడా కస్టమరు ముందు ఎల్-వన్‌కు, అంటే కిందిమెట్టు వాళ్లకు, ఫిర్యాదు టికెట్ పెట్టాల. వాళ్లతో కాకపోతే ఎల్-టూకు పోతాది.”

పుల్లయ్య మొహం వెలిగిపోయింది. “అదీ మాట! తాత ఎల్-వన్, బ్రహ్మంగారు ఎల్-టూ.”

“మరి నా వెంకటేశ్వరుడు?” అంది గంగమ్మ.

“ఆయన ప్రోడక్ట్ ఓనర్ అమ్మా.”

“ఓనరే కదరా! ఓనరు ఇంట్లో ఉండంగ వాచ్‌మన్‌తో ఏం మాటలు?”

పుల్లయ్య ప్రార్థనలన్నీ కాగితం మీదే జరిగేవి. తెల్లకాగితం తీసి, ఎడమవైపు మార్జిన్ మడిచి, నుండి, ద్వారా, విషయం, అన్నీ రాసి తాత ఫొటో వెనక పెట్టేవాడు. ఈ సంగతి ఆ అపార్ట్‌మెంటులో తెలియనివాళ్లు లేరు. వాళ్లింట్లో అంట్లు తోమే సక్కుబాయి ఒకరోజు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆమె మొగుడు పోచయ్య ఆ గేటు దగ్గరే వాచ్‌మన్.

“సారూ, ఆధార్ల మా ఆయనకు ముప్పై ఆరేండ్లని పడ్డది. నా కొడుకు కంటె చిన్నోడయిండు. ఎన్నిసార్లు తిరిగినా ఎవ్వలు పట్టించుకుంటలేరు. జర తాతకు రాయుండ్రి.”

రాశాడు. నెల తిరక్కముందే పోచయ్యకు అరవై రెండేళ్లొచ్చాయి. సక్కుబాయి కొబ్బరికాయ పట్టుకొచ్చింది. “మీ తాత మస్తు పవరున్నోడమ్మా!”

“ఆ గోచీ ఆయనకు కంప్యూటరు కూడా వస్తాదా?” అని గంగమ్మ కొబ్బరిచిప్ప వైపు కూడా చూడలేదు. ఆమె మంట ఆమెది. వరాలిచ్చేది తన స్వామి, కొబ్బరికాయలు కొట్టేది మొగుడి తాతకా?

దానికి తోడు గురువారాలొకటి. ప్రతి గురువారం పొద్దున ఎనిమిదికల్లా పుల్లయ్య గుడ్డసంచి, గొడుగు, నీళ్లసీసా తీసుకుని “తాత భజనకు పోయొస్తా” అని బయల్దేరేవాడు. సాయంత్రం నాలుగింటికి కుంటుకుంటూ వచ్చి, మోకాళ్లకు నూనె రాయించుకునేవాడు.

“కూర్చొని చేసే భజనకు మోకాళ్లు ఎట్ల నొస్తాయయా?”

“ఇది నిలబడి చేసే భజన మే.”

ఇలా ఉండగా మధుసూదన్ తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొన్నాడు. పదకొండో అంతస్తు. పూజగదిలో చెక్కతో చెక్కిన మందిరం. నడిమధ్య ఎత్తుగా ఒకే ఒక్క పీఠం. అసలు పేచీ అక్కడ వచ్చింది. ఆ పీఠం స్వామిదని గంగమ్మ, ఛానల్ మొదలయ్యేది తాత దగ్గర కాబట్టి తాతదని పుల్లయ్య. గృహప్రవేశం రోజు గడప ముందు దాటాల్సింది కూడా తాతేనట.

“నా సామి నీ తాత వెనక నడుస్తాడా? నేను బతికుండంగ నీ బ్రోకర్లెవరూ ఆ ఇంట్లో అడుగుపెట్టరు!” అని గంగమ్మ తేల్చేసింది.

అయిదు రోజులు మాటల్లేవు. “సుష్మా, మీ మామను అన్నానికి రమ్మను”, “సుష్మా, మీ అత్తను ఉప్పు వేయమను.” కోడలు సుష్మ ఆరోరోజు లాప్‌టాప్ మూసి అడిగింది. “అత్తమ్మా, ఆయన మీ ఎదురుగ్గానే ఉన్నారు కదా. నేరుగా చెప్పకుండా మధ్యలో నేనెందుకు?”

గంగమ్మకు పొలమారింది. పుల్లయ్య పళ్లెం వైపు చూసి నవ్వుకున్నాడు. ఆ నవ్వుతో ఆమెకు పౌరుషం ఇంకా పెరిగింది.

గృహప్రవేశానికి పది రోజులుందనగా గురువారం వచ్చింది. మొగుడు భజనకు పోగానే గంగమ్మ అట్టపెట్టె తెచ్చింది. ‘బ్రోకర్ల’ ఫొటోలన్నీ అందులో సర్ది, టేపు వేసి, పైన ‘పాత పుస్తకాలు’ అని రాసి అటక ఎక్కించాలని ఆమె పథకం. బ్రహ్మంగారికి దండం పెట్టి, క్షమాపణ చెప్పి, పెట్టెలో పెట్టింది. తాతను చేతిలోకి తీసుకుని పేపరు చుట్టబోతుండగా ఫోన్ మోగింది. పుల్లయ్య కాఫీ గ్లాసు పక్కన మరిచిపోయిన ఫోన్.

“హలో, పేషెంట్ సక్కుబాయి వాళ్ల అన్న పుల్లయ్యేనా?”

“ఎవరి అన్న?”

“సక్కుబాయి అన్న అమ్మా. ఫారంల గట్లనే రాసిండ్రు. సర్కారు దవాఖాన కంటి ఆపరేషన్ వార్డు నుంచి మాట్లాడుతున్న. మందులకు పోతనని పోయిండు, ఇంక రాలే. సంతకం కావాలె. జర జల్ది పంపుండ్రి.”

సక్కుబాయి రెండు రోజులు చెల్లెలింటికి పోతున్నానని చెప్పి సెలవు తీసుకుంది. పుల్లయ్యకు చెల్లెళ్లే లేరు. గంగమ్మ కోడలితో కారు తీయించి సర్కారు దవాఖానకు పరుగెత్తింది.

మందుల కిటికీ ముందు వరుస మెట్ల దాకా ఉంది. అందులో పుల్లయ్య. గొడుగును చేతికర్రలా పట్టుకుని, ఒక కాలి బరువు ఇంకో కాలిమీదికి మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు. గుడ్డసంచిలో తాళాలూ చిడతలూ ఉంటాయనుకుంది ఇన్నాళ్లూ. చూస్తే జిరాక్సులు, టోకెన్లు, ఎవరెవరివో పాస్‌పోర్టు ఫొటోలు, గమ్ముసీసా. పక్కన నిలబడ్డ ముసలామెకు ఫారం నింపిపెడుతూ, “ఈడ వేలిముద్ర వేయమ్మా, తాత చూసుకుంటాడు” అంటున్నాడు.

తలెత్తి భార్యను చూశాడు. ముందు భార్యను కాదు, ఆమె చంకలో ఉన్నది చూశాడు. హడావిడిలో ఫొటో పెట్టెలో పెట్టడం ఆమె మరిచే పోయింది.

“తాతను ఈడికి తెస్తివే!”

కంట్లో మందుచుక్కలతో బెంచీ మీద కూర్చున్న సక్కుబాయి మసకమసకగా ఆ ఫొటో చూసి రెండు చేతులూ జోడించింది. “ఇగ నాకేం ఫికర్ లేదు! తాతనే స్వయంగ వచ్చిండు!”

సంతకమైంది. సక్కుబాయిని లోపలికి తీసుకుపోయారు. గంగమ్మ మొగుణ్ణి బెంచీ మీద కూలేసింది.

“ఎన్నాళ్లనుంచి ఈ భజన?”

“రిటైరైనప్పటి నుంచి.”

“పోచయ్య ఆధారు?”

“అది నాలుగు గురువారాలు పట్టె.”

“నాకు చెప్తే ఏం పోయె? వాళ్లు కూడా ఒక్కమాట చెప్పలేదే!”

“ఫైలు నడిచేటప్పుడు బయట చెప్తే ఫలించదంటి. నేను చేస్తినని తెలిస్తే నాకు దండాలు పెడతారు మే. ఆ దండాలు మోసేంత మనిషినా నేను? తాత తోడు పొమ్మంటే వచ్చినా అంటా. దండం తాతకు పోతాది, తాత పైకి పంపిస్తాడు. పని కిందోడు చేయాల, పేరు పైకి పోవాల. ప్రాపర్ ఛానల్ అంటే అదే కదా.”

నలభై నాలుగేళ్ల కాపురంలో మొగుణ్ణి చూసి గంగమ్మ విసుక్కుంది, నవ్వుకుంది, జాలిపడింది. ఇంత గర్వపడింది మాత్రం ఆ రోజే. ఛానల్లో అందరికంటే కింద, ఎల్-వన్ కంటే కింద, పేరు లేని మెట్టు ఒకటి ఉందని, ఆ మెట్టు మీద తన మొగుడే మోకాళ్లు అరగదీసుకుంటున్నాడని తెలిసి ఛాతీ ఉప్పొంగింది. నర్సు వచ్చి “పేషెంట్ అన్న ఎవరు?” అనగానే, వరుసలో చివరివాళ్లకు కూడా వినపడేలా అంది.

“ఇదో, ఈయనే. మా ఇంటాయన! ఆయనకు చెల్లెలైతే నాకు ఆడబిడ్డ. ఆడబిడ్డ లేని ఇల్లని ఇన్నాళ్లూ సంబరపడితి!”

గృహప్రవేశం నాడు ఆడపడుచు లాంఛనాలన్నీ సక్కుబాయికే జరిగాయి. కొత్తచీర, నల్లకళ్లద్దాలతో ఆమె సినిమా తారలా గడప ముందు నిలబడితే, గంగమ్మ వచ్చి తాత ఫొటో ఆమె చేతిలో పెట్టింది. బ్రహ్మంగారిని మొగుడికిచ్చింది. స్వామిని తాను పట్టుకుంది.

“ముందు తాతా?” పుల్లయ్య నమ్మలేకపోయాడు.

“దొర వచ్చేటప్పుడు బంట్రోతులు ముందు నడవరా? నడువు!”

పీఠం మీద స్వామి కూర్చున్నాడు. కింది మెట్టు మీద, గరిటెతో తాత. ఇద్దరి నడుమ బ్రహ్మంగారిని పుల్లయ్యే సర్దిపెట్టాడు.

చుట్టాలు భోంచేసి వెళ్లాక గంగమ్మ ఒక తెల్లకాగితం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. మార్జిన్ మడిచి ఉంది. నుండి: గంగమ్మ. ద్వారా: పుల్లయ్య. శ్రీ వెంకటేశ్వరస్వామి వారి సన్నిధికి. విషయం: మా ఆయన మోకాళ్లు బాగుచేయుట గురించి.

‘ద్వారా’ దగ్గర పుల్లయ్య కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. సంతకం చేయబోయి, పెన్ను మూత పెట్టేశాడు.

“ఇది నేను పంపేదానికి లేదు మే.”

“ఏం, మార్జిన్ తప్పా?”

“మార్జిన్ బాగనే ఉండాది. మోకాళ్లే నావి. సొంత లాభముండే ఫైలు మీద సంతకం పెట్టగూడదు. రూలు.”

“మరి ఏం చేయాల?”

పుల్లయ్య తాత వైపు చూశాడు. బ్రహ్మంగారి వైపు చూశాడు. మీసం కింద గొణిగాడు.

“ఇట్లాంటి కేసుల్లో... అర్జీదారు నేరుగా కలవొచ్చు.”

గంగమ్మ మరోమాట వినలేదు. పూజగదిలోకి పోయి, చేతులు జోడించి, పదకొండో అంతస్తు నుంచి గేటు దాకా వినపడేలా మొదలుపెట్టింది.

“సామీ, మా ఆయన మోకాళ్లు జర చూడు. బ్రోకరే పర్మిషన్ ఇచ్చినాడు!”