మేస్త్రి మిగిల్చిన పని

పెద్ద మేస్త్రి పోయి నెల తిరగలేదు, ఆయన మిగిల్చిన పనులు అప్పుడే ఒక్కొక్కటిగా గుమ్మంలోకి రావడం మొదలుపెట్టాయి. బట్టల కొట్టాయన కిటికీ రెక్కకు గడియ లేదు. దర్జీ వాళ్ళ బీరువాలో ఒక సొరుగు సగం వరకే వస్తుంది. రిటైరైన కండక్టరు గారి మంచానికి ఒక కోడు ఆడుతోంది. అన్నీ మేస్త్రి చేత్తో చేసినవే. అన్నిట్లోనూ ఏదో ఒకటి మిగిలే ఉంది.

అది మతిమరుపు కాదు, ఆయన పద్ధతి. ఎంత శ్రద్ధగా చిత్రిక పట్టి నునుపు తేల్చిన తలుపుకైనా చివర్లో ఒక మర బిగించకుండానో, ఒక పిడి పెట్టకుండానో లేచి చేతులు దులుపుకునేవాడు. "ఈ ఒక్కటీ రేపటికి ఉంచుదాం అమ్మాయ్. లేకపోతే మళ్ళీ మీ ఇంటికి ఏ మొహం పెట్టుకుని రాను?" అనేవాడు. ఆ రేపు ఎప్పటికో గాని వచ్చేది కాదు. వచ్చాక మర బిగించడానికి ఎంతసేపు? కూర్చుంటే మాత్రం పొద్దు గూకేది. ఆ ఇంటి పిల్లాడి చదువు దగ్గర్నుంచి ఇంటాయన మోకాళ్ళ నొప్పి దాకా ప్రతి ముచ్చటా ఆయనకే కావాలి. పోనీ లేచాక ఊరుకుంటాడా? "ఈ తలుపు కీచుమంటోందే, దీని సంగతి కూడా తర్వాత చూద్దాం" అని మళ్ళీ రావడానికి దారి వేసుకుని మరీ కదిలేవాడు. అలా ఊరందరికీ తలలో నాలుకలా బతికాడు. ఆయన్ని సాగనంపిన రోజు వీధి జనాన్ని పట్టలేదు.

కొడుకు ఆయనకి పూర్తిగా భిన్నం. వడ్రంగంలో తండ్రికి ఏమాత్రం తీసిపోడు గాని, మాటల దగ్గర మాత్రం బెల్లం కొట్టిన రాయి. పని మొదలుపెడితే ముగించి, చెక్కపొట్టంతా ఊడ్చి, సంచి సర్దుకుని వచ్చేస్తాడు.

అతని మనసులో చిన్నప్పట్నుంచీ ఒక ముల్లుంది. ఊళ్ళో ఎవర్ని కదిపినా "మీ నాన్న మా ఇంట్లో కూర్చుంటే కడుపు చెక్కలయ్యేదనుకో" అంటారు. ఇంటికొచ్చిన నాన్న మాత్రం కాళ్ళు కడుక్కుని, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకునేవాడు. ఏదైనా అడిగితే ఊఁ, లేకపోతే ఊహూఁ. ఊరందరికీ దొరికిన నాన్న తనకి దొరకలేదు. అసలు ఆయనకి తామంటే ఇష్టం ఉందా లేదా అన్నది బతికుండగా అడగలేకపోయాడు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. సాగనంపిన రోజు అందరూ ఏడుస్తుంటే తను మాత్రం ఎవరి ఇంటికో వచ్చినవాడిలా నిలబడిపోయాడు.

అయినా సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. నాన్న మిగిల్చినవన్నీ తేల్చేస్తే ఓ పనైపోతుంది, ఇక ఎవరూ తలుపు తట్టరు అనుకున్నాడు.

గడియ బిగించడం నిమిషాల పని. కానీ బట్టల కొట్టాయన వదిలితేగా! నాన్న గురించి చెప్పిందే చెప్పి, చివర్లో కళ్ళొత్తుకున్నాడు. ఊరుకోబెట్టే బాధ్యత మళ్ళీ కొడుకు మీదే పడింది. దర్జీ ఇంట్లో సొరుగు సరిచేసి లేవబోతే ఇంటావిడ టీ గ్లాసుతో అడ్డమొచ్చింది. "అప్పుడే లేస్తావేంటి బాబూ? మీ నాన్నయితే ఇంకో గ్లాసు అడిగేవాడు." కూర్చున్నాడు. విన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు. బయటికొచ్చేసరికి దవడలు పీకుతున్నాయి.

ఆఖరిది కండక్టరు గారిల్లు. కొడుకు వంగి మంచం కోడు చూస్తుంటే ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది ఏళ్ళ తరబడి ఊగుతోందిరా. మీ నాన్న బిగిస్తానంటే నేనే వద్దన్నా. బిగిస్తే మళ్ళీ రాడని నాకు తెలియదూ?"

"మరి ఇప్పుడు?"

"ఇంక ఎలాగూ రాడుగా. బిగించి చావు. నిద్ర పట్టడం లేదు."

ఇద్దరూ నవ్వారు. ముసలాయన నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు. ఒంటరి మనిషి. అలా వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాక కొడుకే ఏవో కబుర్లు మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపికన్నది లేదు. అయినా కూర్చోకుండా తలుపులు లాగి చూశాడు. సొరుగులన్నీ తెరిచి మూశాడు. వంటింటి అలమర, పెరటి గొళ్ళెం, అమ్మ మంచం, అన్నీ పట్టి ఊపి చూశాడు. దేనికీ చిన్న కదలిక కూడా లేదు.

ఆరిన బట్టలు మడతపెడుతున్న తల్లి తలెత్తింది. "ఏం వెతుకుతున్నావురా?"

"నాన్న మనింట్లో ఏం మిగిల్చాడా అని."

"మనింట్లోనా? ఏదీ మిగల్చలేదు. ఏ పనైనా మొదలెట్టిన రోజే అయిపోవాల్సిందే."

"అదేనమ్మా నేననేది" అన్నాడు. "అందరిళ్ళకీ మళ్ళీ వెళ్ళాలనుకున్నాడు. మనింటికి మళ్ళీ రావాలని ఎందుకనుకోలేదు?"

తల్లి లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కొడుకు నేల మీద చతికిలబడ్డాడు. చెంబు అందుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

"బాగా తిరిగావా?"

"ఊఁ."

"మాట్లాడి మాట్లాడి నోరు పడిపోయిందా?"

తలూపాడంతే.

"ఇదే మొహం నేను పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ చూశాను" అంది తల్లి అతని ఎదురుగా కూర్చుంటూ. "మొదట్లో నాకూ ఒళ్ళు మండేది. బయట అంత నవ్వించే మనిషికి నా దగ్గరేం రోగమని. ఉండబట్టలేక ఓసారి అడిగేశాను."

"ఏమన్నాడు?"

"'నోరు మూసుకుని కూర్చోడానికి నాకు ఈ ఊళ్ళో ఇంకో ఇల్లు లేదే' అన్నాడురా."

కొడుకు మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. తల్లి ఊరుకోమనలేదు. చాలాసేపటి దాకా ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.