పొట్టిదంతా పుంగనూరు కాదు

మా ఎదురింటి పశువుల కాంపౌండరుగారు మంగళవారం ఉదయం పుంగనూరులో పోయారు. ఊళ్లో లేని నాకు ఆ కబురు ఫోన్లో చెప్పింది మదనపల్లె ఆవుల వ్యాపారి ఒకడు. చెప్పి, గుక్క తిప్పుకోకుండా, "ఆయన కంప్యూటర్లో ఆవుల లిస్టు ఉండాదంట కదప్పా, మా దూడల్ని గూడా దాంట్లో యాడన్నా ఎక్కించేదానికి అవుతుందా?" అని అడిగాడు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. వాడి గొంతు వింటుంటేనే రోత పుట్టింది.

ఇప్పుడు పొట్టి ఆవు కనిపిస్తే చాలు, పుంగనూరు జాతిదని మెడలో పూసలు కట్టి సోఫా పక్కన నిలబెట్టి ఫోటో దిగుతున్నారు. అలాంటి ఫోటో చూపిస్తే ఆయన ముఖం చిట్లించి, "పొట్టిదంతా పుంగనూరు కాదప్పా. దాని తల్లెవరో, తల్లి తల్లెవరో చెప్పమను" అనేవారు. ఆ తల్లుల పేర్లే ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరూరా తిరిగి రాసుకున్నారు. రిటైరయ్యాక పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకుని, ఒక్క చూపుడువేలితో అన్నీ ఎక్కించారు. అది అయ్యాక ఆ నోటుపుస్తకాలను పాత పేపర్లవాడికి వేయించింది నేనే. "అంతా దీంట్లో ఉంటే చెదలకు మేత ఎందుకు సార్?" అన్నాను. వేరేచోట ఒక కాపీ పెట్టాలన్న బుద్ధి పుట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆయుధపూజ నాడు ఆయన కంప్యూటర్‌కు విభూతి రాసి, కుంకుమ పెట్టి, దండ వేశారు. అంతటితో ఆగొచ్చు కదా? లారీ చక్రాల కింద పెట్టినట్టు దానికీ నిమ్మకాయలు పెడదామని నాకు సరదా పుట్టింది. ఆన్‌లో ఉన్న కంప్యూటర్ డబ్బాను బల్ల మీద అలాగే ఎత్తి, కింద నాలుగు కాయలు పెట్టి, ముందుకు తోశాను. అది దొర్లి కింద పడింది. లోపల హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటూ కొట్టుకోసాగింది.

ఆయన వంగి విన్నారు. "కడుపునొప్పొచ్చిన ఎద్దు గూడా ఇట్లే పటపటా పండ్లు కొరుకుతాది" అన్నారు. అంతే, ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మదనపల్లెలో మొదటి షాపాయన రోజంతా దాన్ని ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ కూర్చున్నాడు. రెండో ఆయన చల్లబడితే పనిచేస్తుందని డిస్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. చివరికి కుప్పంలో ఒకాయన విని తల పట్టుకున్నాడు. "శబ్దం వస్తానే ఆపేసుంటే అంతా దక్కేదప్పా. యాల ఇన్నిసార్లు ఆన్ చేపిచ్చినావు?" అన్నాడు. వారం తర్వాత సగం ఫైళ్లు తీసిచ్చాడు. ఆవుల పేర్లు వచ్చాయి. తల్లుల పేర్లున్న ఫైళ్లు తెరుచుకోలేదు.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన మాత్రం కొత్త నోటుపుస్తకం కొన్నారు. "ఆవులుండాయి, చెప్పే మనుషులుండారు. పోతాండాను" అని పెద్దపంజాణి బస్సెక్కారు. మోకాళ్లు వంగని మనిషి, మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టారు. వీలైనప్పుడల్లా నేనూ వెంట వెళ్లాను. చాలాచోట్ల తెలిసిన ముసలివాళ్లు పోయారు. అక్కడ ఖాళీ వదిలేసేవారు. ఏదో ఒక పేరు రాసేద్దామని నేను ఒకసారి అంటే, "నోరులేని దాని మీద అబద్ధం రాస్తే ఎట్లప్పా?" అన్నారు. సగం ఊళ్లు పూర్తికాకుండానే పోయారు. ఆయన నాకు నేర్పిన చదువు, అబద్ధం రాయొద్దన్న ఆ ఒక్క మాటే, దానికే రుణపడి ఉన్నాను.

నేను ఊరికి చేరాక, మూడో రోజు సమాధి దగ్గర పాలు పోసి వచ్చేసరికి, పెద్దపంజాణి వైపు నుంచి ఒక ముసలావిడ వచ్చి ఆయన వాకిట్లో నిలబడి ఉంది. ఆయన పోయిన సంగతి ఆవిడకు తెలియదు. "మా ఎర్రావు తల్లి పేరు అడిగిన పొద్దు ఎంత ఆలోచించినా గెవనం రాలేదు సామీ. ఇప్పుడొచ్చిండాది. ఆయప్పకు చెప్పిపోదామని వచ్చినా" అంది.

నేను విషయం చెప్పాను. ఆవిడ అరుగు మీద కూలబడింది. తర్వాత, "అట్లయితే నువ్వన్నా రాసుకోప్పా. నేను గూడా పోతే ఇంక ఎవురికీ తెలీదు" అంది.

ఆయన నోటుపుస్తకం తెచ్చి, ఖాళీ వెతికి, ఆవిడ చెప్పిన పేరు రాశాను. చదువు రాని ఆవిడ తడి ఆరని సిరా పక్కన వేలు పెట్టి, వంగి చూస్తూ అడిగింది:

"ఇదేనా మా ముత్యాలు?"