చివర నడిచే మనిషి

"చిరుత నిన్ను ఎత్తుకుపోతే మమ్మల్ని బడికెవరు తీసుకెళ్తారు, దాదీ?" అని కుందన్ ఒకసారి, పంచాయతీ కూలికి ఊరి పిల్లల్ని బడిలో దింపే ముసలి సురమాని అడిగాడు.

"ఈ ఎముకలు దాని పంటికిందకి కూడా రావు. పాట ఆపకుండా నడువు," అందామె.

మా పౌడీ కొండల్లో చిరుత వరసలో చివరనున్న పిల్లవాణ్ణే పడుతుంది. అందుకే పిల్లల్ని ముందుంచి, చప్పుడుకు చిరుత దగ్గరికి రాకుండా పాట పాడిస్తూ, కొడవలి పట్టుకుని సురమా చివర నడిచేది. వాళ్లను బడిలో దింపాక అవే పొదల మధ్య ఒక్కతే తిరిగొచ్చేది. అప్పుడు ఆమె వెనక ఎవరూ ఉండేవారు కాదు. ధైర్యమాత అని శాలువా కప్పినవాళ్లకు ఆ సంగతి తట్టనేలేదు.

ఒక్కో కుటుంబమూ కొండ దిగిపోయింది. చివరికి కుందన్ వాళ్లూ వెళ్లిపోయారు, బడి మూసేశారు. మర్నాడు పొద్దున కూడా సురమా కొడవలి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

పంచాయతీ ఆమెకు రెండు నెలల కూలి ఇంకా బాకీ ఉంది.