సాక్ష్యంగా దాచిన కాలు

వనపర్తి కోర్టులో నల్లకోటు వేసుకున్న మొదటి ఏడాది నాకు ఒక్క కేసూ రాలేదు. కోటు మాత్రం శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, రోజూ వేసుకెళ్ళేవాణ్ణి. అత్తగారి ఊళ్ళో మాత్రం నేను పెద్ద వకీలును. పిల్లనిచ్చిన మామ ఆ మాట బస్సు కండక్టర్లకు కూడా చెప్పేవాడు. అడగనివాళ్ళకైతే మరీ గట్టిగా చెప్పేవాడు. నేనెప్పుడూ కాదనలేదు. వినడానికి బాగుండేది మరి!

ఒకరోజు పొద్దున్నే మామను మంచంతో సహా ట్రాక్టరు ట్రాలీలో మా ఇంటికి తెచ్చి దించారు. వెనకే అత్త. మామ కుడికాలు మోకాలి కింద సొరకాయలా వాచింది. దాని మీద పసుపు పట్టు, ఆ పైన అత్త పాత గద్వాల చీర నుంచి చించిన జరీ అంచుతో కట్టు. అంత శోభాయమానమైన దెబ్బను నేను అంతకుముందు చూడలేదు.

"ఏమైంది మామా?"

"మోపెడ్ మీదికెల్లి పడ్డ. రోడ్డు మీద ఎవడో ఉలవ చెట్లు పరిచిండు. బండి జారింది. కేసు వెయ్యాలె అల్లుడా!"

మా వైపు ఉలవ కోశాక కల్లం చేసే ఓపిక లేనివాళ్ళు ఆ చెట్లను తెచ్చి తారు రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కి గింజలు రాలుస్తాయి. సర్కారు బస్సు వచ్చి మన చేను పని చేసిపెడుతుంటే ఎవరికి చేదు? కాకపోతే రెండు చక్రాల బండికి ఆ రోడ్డు సబ్బు నీళ్ళు పోసిన బండ.

"దవాఖానకు పోయిండ్రా?" అనడిగాను.

"ఎట్ల పోత? జడ్జిసాబ్ చూడొద్దా? మా ఊర్ల ఒకనికి కొట్లాటల తలకాయ పగిలింది. మానినంక కోర్టుకు పోయిండు. గాయం యాడుందని అడిగిండ్రు. కేసు పాయె. నేను గంత ఎడ్డోన్ని గాదు. కాలు గిట్లనే ఉంచుత."

జడ్జి కాలు చూడడు, డాక్టరు రాసిచ్చిన కాగితం చూస్తాడు. ఆపాటి నాకూ తెలుసు. కానీ మామ అంత ధీమాగా చెబుతుంటే, కాదని వాదన పెట్టుకుంటే ఆయన అడిగే నాలుగు ప్రశ్నల్లోనే నా వకీలుతనం ఏపాటిదో బయటపడుతుంది. పైగా ఇది నా మొదటి కేసు. "చూద్దాం మామా," అన్నాను.

ఉలవలు పరిచినవాణ్ణి పట్టుకుందామని మర్నాడు కోటుతో సహా మామ ఊరికి వెళ్ళాను. రోడ్డు పక్క చాయ్ హోటలాయనను గంభీరంగా అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"గవ్వి మీ మామవే గద సారూ! పొద్దుగాల పరిచిండు. ఆ దినం బస్సు ఎంతకూ రాలే. బస్సు రాకపోతే మనమే తొక్కిద్దామని మోపెడెక్కి అటు ఇటు తిప్పవట్టె. మూడో తిప్పుకు పడ్డడు."

హోటల్లో ఉన్నవాళ్ళంతా మూడో తిప్పును చేతులతో చేసి చూపించారు. నా మొదటి ముద్దాయి నా మామే అయ్యాడు.

ఇంటికొచ్చి నిలదీశాను. మామ గోడ వైపు చూశాడు. "నావే అయితే ఏంది? జారింది నేనే గద!"

కోర్టులో మా సీనియరుకు ఈ సంగతి చెబితే కళ్ళద్దాలు తీసి నవ్వి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నవ్వాడు. తర్వాత ఓపికగానే చెప్పాడు. తప్పు తనదే అయిన డ్రైవరుకు దారులు తక్కువ. ఎదుటివాడి మీద వేద్దామంటే ఎదుటివాడే లేడు. మామూలు ఇన్సూరెన్సు మన వల్ల దెబ్బతిన్న ఇతరుల కోసం. నడిపేవాడికి కావాలంటే ముందే విడిగా రాయించుకోవాలి. ఇక మిగిలింది ఒక్కటే. జీతానికి నడిపే డ్రైవరైతే, తప్పు తనదైనా సరే, తాగి నడపకపోతే చాలు, పనిలో పెట్టుకున్న యజమాని పరిహారం ఇవ్వాల్సిందే.

ఇంటికొచ్చి అది చెప్పగానే మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"బండి మీ అత్త పేరు మీదుంది. తొక్కియ్యమన్నది గూడ గామెనే. నేను గామె డ్రైవర్ని. గామె మీద వెయ్యి!"

వంటింట్లోంచి అత్త గొంతు లేచింది. "జీతమెప్పుడన్న ఇచ్చిన్నా నీకు?"

"రోజు బువ్వ పెడ్తున్నవ్ గద. గదే జీతం."

"అట్లనా? అయితే ఇయ్యాల్టి సంది కొలువులకెల్లి తీసేసిన!"

ఆ పూట మామకు కంచం రావడం బాగా ఆలస్యమైంది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వు తగ్గాక మామ, "మరి తారీఖు ఎప్పుడిస్తరు?" అన్నాడు. ఏ దారీ లేదని అప్పుడైనా చెప్పాల్సింది. "ప్రయత్నంలో ఉన్న," అన్నాను. నా మీద నాకే చిరాకు వేసింది కానీ, ఆ మాట చెప్పడం తేలిక.

అలా మూడు వారాలు గడిచాయి. ఒకరోజు కట్టు మారుస్తూ అత్త ఆగిపోయింది. వాపు తగ్గింది కానీ పాదం బయటివైపు తిరిగిపోయి ఉంది. "కేసు పాడుగాను, దవాఖానకు తీస్కపోదాం పా అల్లుడా," అంది. ఆ మాట ఆమె అనే దాకా నేను ఆగాను.

డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎముక వంకరగా అతుక్కుంది, మొదటి వారంలో తెచ్చి ఉంటే నిటారుగా వచ్చేది, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు అని కోప్పడ్డాడు.

"మా అల్లుడు వకీలు సార్," అన్నాడు మామ. "కేసు నడుస్తుంది."

బయట వరండాలో బల్ల మీద మామ పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. కేసు లేదు, నేను వేయనేలేదు. జడ్జికి కాలు చూపించే పని లేదని మొదటి రోజే తెలుసు. మీ ముందు చిన్నబోతానని దాచాను. మామ తన కాలు వైపే చూస్తూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"శాన నొచ్చింది అల్లుడా," అన్నాడు. "మీరందరు పరేషాన్ అయితరని టవల్ కరుచుకొని పండుకున్న. నువ్వున్నవ్ గద, గెలిపిస్తవ్ అని ఓర్చుకున్న."

తర్వాత లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. ఆ పాదం మళ్ళీ ఎప్పుడూ నేల మీద సరిగ్గా ఆనలేదు.