గుటక నుంచి ముద్ద దాకా

పెద్దక్క లేచి నిలబడిందంటే వెనకున్న అరలు కనబడేవి కావు. బస్సు డిపోలో, మెట్ల కింద, జనం బస్సుల్లో మరిచిపోయినవన్నీ దాచే గది అది. గొడుగులు ఒక పక్క, కళ్లజోళ్లు ఒక పక్క, ఒంటి చెప్పులు ఇంకో పక్క. రెండు కాళ్లున్న మనిషి ఒక్క చెప్పు ఎలా మరిచిపోతాడో ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆవిడకి అంతుపట్టలేదు. ఆరుగురు పిల్లల్లో పెద్దది కాబట్టి ఇంట్లో పెద్దక్క. ఒళ్లు చూసి డిపోలోనూ అదే పేరు పెట్టారు. ఆవిడేం నొచ్చుకోలేదు. "ఏ లెక్కన చూసినా పెద్దదాన్నే కదా" అని తనే ముందు నవ్వేసేది.

గబగబా తినడం ఆవిడకి చిన్నప్పుడే వంటబట్టిన విద్య. తల్లి పనికి పోతే వడ్డించేది తనే. అయిదుగురికీ పెట్టి, తన వంతు మీద ఎవరి కన్నూ పడకముందే రెండు నిమిషాల్లో ఊడ్చేసి లేచిపోయేది. నమిలే తీరిక ఎక్కడిది? ఆకలి రుచి ఎరగదంటారు. పెద్దక్కకి ఆకలి రోజులు పోయాక కూడా రుచి తెలియలేదు, తొందర మాత్రం మిగిలిపోయింది.

నలభై ఎనిమిదో ఏట మోకాళ్లు మొరాయించాయి. పై అరలోంచి గొడుగు తీయాలంటే మూడు మెట్ల స్టూలెక్కాలి. రెండో మెట్టు మీదే ఊపిరి అందేది కాదు. అంతకుముందే షుగరు వచ్చి కూర్చుంది. పథ్యాలు చెయ్యలేదా అంటే, చేసింది. పోయిన నాలుగు కిలోలూ చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని తిరిగొచ్చేవి. ఆఖరికి డాక్టర్లు పొట్ట కోసి అరటిపండంత చేస్తామన్నారు. పెద్దక్క సరేనంది.

ఆ మాట విని చెల్లెలు మండిపడింది. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటావా? ఎవరైనా వింటే నవ్విపోతారే!"

పెద్దక్క ఫోను పెట్టేసింది. అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఆపరేషనయ్యాక మెలకువొచ్చేసరికి కిటికీ తెర గాలికి ఉబ్బి తగ్గుతోంది, అదేదో ఊపిరి తీసుకుంటున్నట్టు. గది నిండా పల్చని ఎండ. నర్సు దగ్గు మందు మూతంత కప్పులో నీళ్లు తెచ్చి పెట్టింది.

"గుక్కెడు కాదమ్మా, గుటకంత. తడిపి వదిలెయ్యండి. ఈ కప్పు పావుగంట రావాలి."

పెద్దక్క నవ్వబోయింది, కుట్లు లాగాయి. నాలుగు చుక్కలు మింగింది. ఆ నీళ్లు ఎక్కడెక్కడి నుంచి పోతున్నాయో స్పష్టంగా తెలిసింది. నాలుక, గొంతు, గుండె వెనకగా సన్నటి చల్లటి దారి. నలభై ఎనిమిదేళ్లుగా నీళ్లు తాగుతున్న మనిషికి నీళ్లకి దారొకటుందని ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చాక రెండు వారాలు అన్నీ నీళ్లే. వడగట్టిన సూపు, పల్చటి పాలు, టీ రంగులో కూరగాయలు ఉడికిన నీళ్లు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే దుకాణం. ఊళ్లో వాళ్లందరి టైమూ సరిచేసే మనిషి ఏనాడూ టైముకి భోజనానికి రాలేదు. అలాంటిది ఇప్పుడు పని బల్ల పక్కనే కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టి, కంటికి భూతద్దం తగిలించుకునే, "ఊఁ, ఇప్పుడొక గుటక" అనేవాడు. చిన్న చిన్న చక్రాలు చిమటాతో తీస్తూ మళ్లీ, "ఊఁ."

"ఏమండీ, నాక్కూడా తాళం తిప్పుతున్నారా?"

"తిప్పితే తిరిగే రకానివా నువ్వు?"

మధ్యాహ్నాలు ఆ కుర్చీలోనే కునుకు పట్టేది. గోడ మీద ముప్పై గడియారాలు దేని దారిన అది కొట్టుకునేవి. వింటూ వింటూ ఉంటే అది వాన చప్పుడయ్యేది. కళ్లు మూతపడితే డిపో గది నిండా నీళ్లు నిండి, నల్లగొడుగులు విచ్చుకుని చేపల్లా మెల్లగా ఈదుతూ కనబడేవి. ఒంటి చెప్పులు తమ జతల్ని వెతుక్కుంటూ తేలిపోయేవి. తనూ వాటి మధ్య బరువు లేకుండా తేలేది. మెలకువొస్తే చేతిలో కప్పు అలాగే ఉండేది, సూపు చల్లారిపోయి.

ఆకలి లేదు. అదే ఆవిణ్ణి భయపెట్టింది. నలభై ఏళ్లు ఇంట్లో ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినట్టుంది. కానీ చేతికి మాత్రం అలవాటు పోలేదు. సాయంత్రం నాలుగైతే చెయ్యి దానంతటది వంటింటి డబ్బా మూత మీదకి పోయేది. పెద్దక్క ఆ చేతిని పరాయివాళ్ల చెయ్యిలా చూసి వెనక్కి తెచ్చుకునేది.

మూడోవారంలో మెత్తగా రుబ్బినవి మొదలయ్యాయి. ఆయన బంగాళాదుంప విడిగా, క్యారెట్ విడిగా, చికెన్ విడిగా మిక్సీలో తిప్పి మూడు చెంచాలు మూడు రంగులుగా పళ్లెంలో పెట్టేవాడు.

"ఇందులో కోడి ఏది?" అని అడిగింది పెద్దక్క.

"బూడిద రంగులో ఉన్నది. ఎగిరిపోయేలోపు తిను."

నాలుగోవారంలో డిపోకి వెళ్లింది. కూర్చుని చేసే పనే, బరువులెత్తకుండా ఉంటే ఫరవాలేదన్నారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. బస్సుల్లో జనం గొడుగుల కంటే ఎక్కువగా మరిచిపోయేవి భోజనం డబ్బాలు. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే అందులోది పారేసి, డబ్బా కడిగి అరలో పెట్టాలి. అది రూలు. పెద్దక్క ఇన్నేళ్లలో పారేసింది తక్కువ. తలుపు ఓరగా వేసి, ఎవరిదో భోజనం, ఎవరికీ తెలియకుండా, నిలబడే తినేసేది. ఈ సంగతి మొగుడికి తెలియదు, డాక్టర్లకీ చెప్పలేదు.

ఆ రోజు పదకొండున్నరకి డ్రైవరొకడు స్టీలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టిపోయాడు. ఇంకా వెచ్చగా ఉంది. మూత సందులోంచి వేయించిన చేప వాసన. ఆకలి లేదని ఆవిడకి తెలుసు. అయినా చెయ్యి మూత తీసింది. చేప పక్కనున్న బ్రెడ్డు ముక్క తుంచి, చేప పెట్టి నోట్లో వేసుకుని, ఎవరైనా వస్తారేమోనని గబుక్కున మింగేసింది.

అంతే. గుండె వెనక ఎవరో బండరాయి పెట్టి అదిమినట్టయింది. ముద్ద కిందికి దిగదు, పైకి రాదు. మింగలేక కక్కలేక అన్న మాట ఎవరు పుట్టించారోగానీ, వాళ్లకి ఇలాంటిదే అయ్యుండాలి. నోటినిండా నురుగు. ముక్కు కారుతోంది, కళ్లు కారుతున్నాయి. నీళ్లు తాగబోతే ఆ గుటకా వెనక్కొచ్చింది.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు. అరవై దాటిన తాపీమేస్త్రి. ముంజేతుల దాకా సిమెంటు మరకలు.

"అమ్మా, నా భోజనం డబ్బా బస్సులో..." అని బల్ల మీద తెరిచి ఉన్న డబ్బా చూశాడు. పెద్దక్కని చూశాడు.

అబద్ధమాడటానికి కూడా ఊపిరి లేదు. "మీదే. నేనే తిన్నాను. ఒక ముక్క."

ఆయన గబగబా లోపలికొచ్చాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఇరుక్కుందా? వంగకండి. నిటారుగా కూర్చోండి. నీళ్లొద్దు. మెల్లగా లేచి నాలుగడుగులు వేద్దాం, పదండి."

గొడుగుల మధ్య ఇద్దరూ అటూ ఇటూ నడిచారు. పావుగంటకి ఆ ముద్ద పైకొచ్చేసింది. ఆయన చూడనట్టు గోడ మీది బస్సుల పట్టిక చదువుకున్నాడు. పెద్దక్క మొహం కడుక్కొచ్చి, తనకేం ఆపరేషనయిందో, తను చేసిందేమిటో, ఇన్నేళ్లుగా ఎన్ని డబ్బాలు ఖాళీ చేసిందో అంతా చెప్పేసింది. మొగుడికి చెప్పనిది ఈ ముక్కూమొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పిందో ఆవిడకే తెలియదు.

మేస్త్రి పకపకా నవ్వాడు. నవ్వుతుంటే పై పళ్లవరుస జారింది. దాన్ని బొటనవేలితో పైకి నొక్కాడు.

"ఇవి పెట్టించి నెలయింది. నాకూ ఇదే పాఠం. ముక్క వేసుకుంటే ఇటువైపు పది, అటువైపు పది. తాపీ పని నేర్పిన మా గురువు అనేవాడు, ఇటుక మీద ఇటుక పెట్టే ముందు కింది సున్నం పట్టనివ్వరా, తొందరపడితే గోడ నీ మీదే పడుతుందని. ముద్దకీ అంతే తల్లీ."

డబ్బా దగ్గరికి లాక్కుని అక్కడే తినడం మొదలుపెట్టాడు. ఆ కాస్త చేపా తినడానికి నలభై నిమిషాలు పట్టింది. పెద్దక్క అలా చూస్తూ కూర్చుంది. ఆయన దవడ నెమ్మదిగా తిరుగుతుంటే, మెట్ల కింది గదిలోకి పడిన ఎండ నేల మీద ఒక పలక దాటి ఇంకో పలక మీదకి జరిగింది.

ఆ సాయంత్రం భర్తకీ అంతా చెప్పింది. ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్లూ నువ్వు నిలబడి తిన్నావన్నదే బాధగా ఉంది" అన్నాడు. మర్నాడు పథ్యం చెప్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడా కోప్పడలేదు. "బ్రెడ్డు అందరికంటే ఆఖర్న రావలసిన చుట్టం. మీరు ముందే పిలిచారు. రెండు రోజులు మళ్లీ సూపులే" అంది.

అయిదోవారంలో గుడ్డు వచ్చింది. మెత్తగా ఉడికించిన గుడ్డులో సగం. పెద్దక్క చెంచా కొసన ఇంత పచ్చసొన తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. అది కరుగుతుంటే కళ్లు మూసుకుంది. ఎండలో ఆరేసిన బట్టల వాసన లాంటిదేదో, వెన్న లాంటిదేదో. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఇరవై దగ్గర లెక్క మరిచిపోయింది. కళ్లు తెరిచేసరికి ఆయన ఎదురుగా తన గుడ్డు ముట్టకుండా చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

"గుడ్డు ఇలా ఉంటుందని మీకు తెలుసా?" అంది పెద్దక్క.

ఎనిమిదోవారంలో గట్టి తిండి తినొచ్చన్నారు. సరిగ్గా ఆ ఆదివారమే చెల్లెలు వచ్చింది, పిలవకుండా. గుమ్మంలో నిలబడి అక్కని పైనుంచి కిందికి చూసి, మొహం తిప్పుకుంది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. చెల్లెలు మూడు నిమిషాల్లో పళ్లెం ఖాళీ చేసి తలెత్తింది. పెద్దక్క రెండో ముద్దలో ఉంది.

"నువ్వు తింటుంటే చూడ్డం ఇదే మొదలే అక్కా" అంది చెల్లెలు. "ఎప్పుడూ మాకంటే ముందే లేచిపోయేదానివి. నీకు మా పక్కన కూర్చోవడం ఇష్టం లేదనుకునేదాన్ని."

పెద్దక్క నములుతున్నది పూర్తిగా నమిలింది. మింగింది. ఆగింది.

"కూర్చుంటే నా పళ్లెంలోకి చూసేవాళ్లు మీరు. చూస్తే పెట్టకుండా ఉండలేను. పెడితే నాకు ఆకలి. అందుకే లేచిపోయేదాన్ని."

చెల్లెలు ఖాళీ పళ్లెంలో వేలితో గీతలు గీసింది. "నేనయితే అడిగేదాన్నే" అంది చివరికి. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లనీళ్లొచ్చాయి. ఆ రోజు చెల్లెలు బల్ల దగ్గర్నుంచి లేవలేదు. అక్క పళ్లెం ఖాళీ అయ్యేదాకా, అరగంట, ఊరికే కూర్చుంది.

తర్వాతంతా సాఫీగా జరిగిందని చెప్పలేం. జుట్టు దువ్వెన నిండా ఊడింది, మళ్లీ మొలిచింది. చేతుల కింద చర్మం వేలాడింది. విటమిను బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి. ఏడాదికి నలభై కిలోలు పోయాయిగానీ, కొన్ని రోజులు ఇప్పటికీ ముద్ద అడ్డం పడుతుంది, తొందరపడిన రోజున. మేస్త్రి మళ్లీ రాలేదు, డబ్బా మరిచిపోలేదు కాబోలు. ఎప్పుడైనా డిపో ముందు నుంచి పోయే బస్సు కిటికీలోంచి చెయ్యూపేవాడు, దవడ ఆడిస్తూ.

అంతకుముందు, ఆరోనెలలోనే, ఉడికించకుండా పచ్చి ఆపిల్ తినొచ్చన్నారు. సెలవురోజున పెద్దక్క ఒక్కతే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, కాయని సన్నగా ముక్కలు కోసి పెట్టుకున్న పొట్లం విప్పింది. మొదటి ముక్క పళ్ల మధ్య పటుక్కుమంది. ఎంత గట్టి చప్పుడో! ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ సిగ్గుపడలేదు. దుకాణాలు, ఆరేసిన దుప్పట్లు, వంతెన, వంతెన కింద వెండి రంగు నీళ్లు ఒక్కొక్కటే కిటికీలోంచి వచ్చి పోతున్నాయి. ముక్కలు అయిపోలేదు. దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. పెద్దక్క దిగలేదు.