మూడు కాలాలకు ఒకటే టైరు

బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని. ఏ లెక్కకైనా ఒకటే జవాబు ఉంటుందని రోజూ బల్ల గుద్ది చెబుతాను. అలాంటిదాన్ని, నా చిన్న కారుకు నాలుగు టైర్లు ఎంచుకోలేక వారం రోజులు పిచ్చిదానిలా తిరిగాను. అడిగిన ప్రతివాళ్లూ ఒక జవాబు చెప్పారు, అన్నీ సరైనవిగానే వినిపించాయి.

పోయిన వానాకాలంలో మా నాన్నకు, అదే మా బాపుకు, నగరంలో కన్ను చూపించి ఇద్దరం ఇబ్రహీంపట్నం తిరిగి వస్తున్నాం. బొంగులూరు దాటాక వాన పట్టుకుంది. ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. తడి రోడ్డు మీద జారుతూ పక్కకు తిరిగి, డివైడరుకు జానెడు దూరంలో నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆటోవాడికి సంగతే తెలియదు, వాడి దారిన వాడు పోయాడు. నేను ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, కారు జారిన సంగతి మా ఆయనకు చెప్పాను.

మా ఆయన అరిచే రకం కాదు. అంతా విని, టైర్లది తప్పయితే టైర్లు మార్చుదాం, నడపడంలో తప్పయితే కారు అమ్మేద్దాం అన్నాడు. భయంతో అన్న మాటే, కానీ నాకు అది చిన్న మాట కాదు. పాతదే అయినా ఈ కారు రాకముందు రెండు ఆటోలు, ఒక బస్సు మారి బడికి చేరేదాన్ని. చేరేసరికి ప్రార్థన అయిపోయేది, హెడ్మాస్టరు నన్ను కాకుండా గోడ గడియారాన్ని చూసేవాడు. నలభై ఏళ్లొచ్చాక నా చేతికి వచ్చిన స్వేచ్ఛ ఆ కారు తాళం. దాన్ని ఎవరికీ ఇచ్చే ఉద్దేశం నాకు లేదు. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"టైర్లే అల్లుడా. గవి వానకు పనికొచ్చే టైర్లు కావు."

ఆయన అంత గట్టిగా అన్నాక, వానకు పనికొచ్చే టైర్లు ఎలా ఉంటాయో తెలుసుకోవాలి కదా. ఫోను తెరిచాను. మంచు పడే దేశంలో ఎవరో ఒకాయన, చలికాలం టైర్లు వేరు, ఎండాకాలం టైర్లు వేరు అని చెబుతున్నాడు. అక్కడివాళ్లు రెండు జతల చక్రాలు కొనుక్కుని, ఒక జత బండికి ఉంటే ఇంకో జత షెడ్డులో దాస్తారట. చలికి రబ్బరు గట్టిపడుతుందట, ఎండకు మెత్తబడుతుందట. అరగంట కళ్లార్పకుండా చూశాను. అంతా అయ్యాక తట్టింది, ఆయన కాలాల్లో వానాకాలమే లేదు.

బాపుకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు సరికదా, తనకు ముందే తెలుసన్నట్టు తలూపాడు. ఊళ్లో ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి. నాట్లకు ముందు బురద పొలంలో దిగాలంటే రబ్బరు చక్రాలు తీసి ఇనుప చక్రాలు బిగించేవాడు. పని అయ్యాక వాటిని విప్పి, మళ్లీ రబ్బరు చక్రాలతో రోడ్డెక్కేవాడు. పెళ్లికి ముందు నేను నడపడం నేర్చుకున్నది ఆ ట్రాక్టరు మీదే. కాలానికో చక్రం ఉండాల్సిందేనని, కార్లు చేసేవాళ్లకు ఈ మాత్రం తెలియకపోవడమే విచిత్రమని బాపు తేల్చేశాడు. నా తలలో మంచూ బురదా కలిసిపోయాయి.

బడిలో అడిగాను, అది ఇంకో తప్పు. రెండు మారిస్తే చాలు, ముందువైపు వేయించు, స్టీరింగు తిరిగేది అక్కడే కదా అంది సైన్సు టీచరు. కాదు, వెనకవైపే వేయించాలి, వెనక జారితేనే బండి తిరుగుతుంది అన్నాడు ఆటల మాస్టారు. తర్వాత ఇద్దరూ నన్ను వదిలేసి వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. పెట్రోలు బంకులో గాలి కొట్టే అతను టైర్లతో పనే లేదు, నైట్రోజన్ కొట్టిస్తే సరిపోతుందన్నాడు. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. పిల్లలు ఎవరైనా అలాంటి లెక్క తెచ్చి చూపిస్తే ప్రశ్నే తప్పని కొట్టేసేదాన్ని.

ఆదివారం బాపును వెంటబెట్టుకుని సాగర్ రోడ్డు మీది టైర్ల దుకాణానికి వెళ్లాను. వెళ్లీ వెళ్లగానే చలికాలం టైర్లు ఉన్నాయా అని అడిగేశాను. దుకాణాయన నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డాడు.

"ఈడ మూడు కాలాలకు ఒకటే టైరు అక్కా."

తర్వాత కింద కూర్చుని ఒక్కో చక్రాన్నీ చూశాడు. గాడుల్లో వేలు పెట్టాడు, పక్కన అచ్చువేసిన తేదీ చదివాడు. రెండేళ్లు కూడా నిండలేదు, ఎక్కడా పగుళ్లు లేవు, వీటిని పీకడం పాపం అన్నాడు. మరి ఎందుకు జారిందని అడిగాను. బ్రేకు ఎట్లా తొక్కావని ఆయన ఎదురు అడిగాడు. నేను చెప్పబోయేంతలో బాపు అడ్డం వచ్చాడు. అవన్నీ ఎందుకు, నాలుగుకు నాలుగూ కొత్తవి ఎక్కించమన్నాడు. అమ్మేవాడు వద్దంటున్నాడు, కొనేవాడు కావాలంటున్నాడు. నాకు తిక్కరేగింది. బాపును పక్కకు లాక్కెళ్లి, మంచి టైర్లు తీసి పారేయడానికి నీకేమైనా పిచ్చా అని కసిరాను.

బాపు కళ్లద్దాలు తీసి కండువాతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"టైర్లది తప్పు కాదని నాకు గానాడే ఎరుక బిడ్డా. క్లచ్చు, బ్రేకు, నీ రెండు కాళ్లు ఒక్కసారే దిగినయ్. ట్రాక్టరు మీద నేను నేర్పింది గట్లనే. గా సంగతి అల్లునికి తెలుస్తే తాళం గుంజుకుంటడు. నేను నేర్పిన పాపానికి నువ్వు మళ్ల బస్సుల పడి పోవాలె."

వారం నుంచి నన్ను తిప్పింది ఈయనా అని ముందు ఒళ్లు మండింది. ఆ మంట నిలవలేదు, ఏడుపొచ్చింది. టైర్ల గుట్ట వైపు తిరిగి ముఖం తుడుచుకుని, దుకాణాయన దగ్గరికి వెళ్లి నేను తొక్కిన పద్ధతి ఉన్నదున్నట్టు చెప్పాను. తడి రోడ్డు మీద ముందే నెమ్మది కావాలి, బ్రేకు వదిలి వదిలి తొక్కాలి, క్లచ్చు చివర్లోనే, ముందే తొక్కితే ఇంజను చక్రాలను పట్టి ఉంచదు అన్నాడు. బాపు తల వంచుకుని విన్నాడు.

ఇంటికి వెళ్లి మా ఆయనకు నేనే చెప్పాను. టైర్లు మంచివే, జారింది నా కాళ్ల వల్ల అన్నాను. ఆయన తాళం అడగలేదు. మళ్లీ నేర్చుకునేదాకా నీ పక్కన ఎవరు కూర్చుంటారు అని మాత్రం అడిగాడు.

"నేను కూసుంట," అన్నాడు బాపు.

బొంగులూరు దగ్గర ఒక కొత్త వెంచర్లో ఇళ్లు ఇంకా లేవలేదు, తారు రోడ్లు మాత్రం వేశారు. వాన పడిన ప్రతి సాయంత్రం అక్కడికి వెళ్లాం. మొదట్లో నా ఎడమ కాలు దానంతటదే క్లచ్చు మీదికి పోయేది. నన్ను నేను తిట్టుకునేదాన్ని. బాపు పక్క సీట్లో కూర్చుని నా కాళ్లనే చూసేవాడు. నాలుగో రోజో ఐదో రోజో, కారు ఇంచు కూడా పక్కకు పోకుండా ఆగింది. చూశావా అన్నట్టు ఆయన వైపు తిరిగాను. బాపు నన్ను చూడటం లేదు. ఆయన కుడికాలు, అక్కడ బ్రేకు ఉన్నట్టే, కారు నేలను గట్టిగా నొక్కి ఉంది. ఎడమకాలిని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తి ఉంచాడు.